పాశమైలారం గోదాముకు ఫైర్ పంపు: మూడు కొటేషన్లు, ఒక సంపు

అట్టపెట్టె
అందరికీ నమస్కారం. పాశమైలారంలో అట్టపెట్టెలు తయారుచేసే కర్మాగారంలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఇప్పుడున్న షెడ్డు వెనక కాగితం రీళ్ల కోసం కొత్త గోదాము కడుతున్నాం. ఫైర్ పంపు పాతది: గంటకు 137 క్యూబిక్ మీటర్లు, 70 మీటర్ల హెడ్ (నీటిని అంత ఎత్తుకు తోసే బలం). దాన్ని మార్చాలన్నారు. మూడు కొటేషన్లు వచ్చాయి.

మొదటిది 171 క్యూబిక్ మీటర్లు, 70 మీటర్లు, ఒక కొస నుంచి నీళ్లు తీసుకునే ఎండ్ సక్షన్ పంపు, 45 కిలోవాట్ల మోటారు. రెండోది అదే 171, కానీ 88 మీటర్లు, ఒళ్లు రెండు ముక్కలుగా విడే స్ప్లిట్ కేసు పంపు, 75 కిలోవాట్లు. మూడోది 171, 88 మీటర్లే, నీళ్లలోకి నిలువుగా దిగే వర్టికల్ టర్బైన్. ధర ఈ వరుసలోనే పెరుగుతోంది. మూడింటికీ తోడుగా డీజిల్ ఇంజను పంపు, లైనులో ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న జాకీ పంపు ఉన్నాయి.

నీళ్లు భూమిలోని సంపు నుంచి తీసుకోవాలి. సంపులో 200 క్యూబిక్ మీటర్లు పడతాయి. పంపు గది దాని పక్కనే, నేలమట్టంలో ఉంది. మా యజమాని మొదటి కొటేషన్ వైపు మొగ్గుతున్నారు. 'నీళ్లు ఒక్కటే కదా, 88 మీటర్లకు ఎందుకయ్యా డబ్బు' అంటారు. ఆయనకు నేను ఏమని చెప్పాలి?

గేటు పక్క
దేనికి ఎన్‌ఓసీ వస్తుందో అది తీసుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లు హైడ్రెంట్ (గొట్టం తగిలించే వాల్వు) విప్పి నీళ్లు పడుతున్నాయో లేదో చూస్తారు, అంతే. ఇరవై ఏళ్లుగా చెర్లపల్లిలో ఉన్నాను, మా పంపు ఒక్కసారి కూడా పనిబడి నడవలేదు.

పాత ఫిట్టర్
గేటు పక్క గారూ, పనిబడి నడవలేదంటే సంతోషం. పరీక్షకైనా నడిచిందా అన్నది నా అనుమానం.

అట్టపెట్టె తమ్ముడూ, మీరు మూడు పంపుల గురించి చెప్పారు. సంపులో నీళ్లు అడుగంటినప్పుడు మట్టం పంపుకు ఎంత కిందికి పోతుందో చెప్పలేదు. గోదాము చివరి హైడ్రెంట్ పంపుకు ఎంత దూరమో చెప్పలేదు. అవి లేకుండా పంపు ఎంచడం కాలి కొలత ఇవ్వకుండా చెప్పులు కుట్టమన్నట్టే. ముందు టేపు పట్టుకుని తిరగండి.

అట్టపెట్టె
పొద్దున్నే తిరిగాను సార్. సంపు అడుగున నీటి మట్టం పంపు మధ్యగీతకు 4 మీటర్ల కింద ఉంటుంది. పాత షెడ్డు చుట్టూ ఆరంగుళాల లైను, చివరి హైడ్రెంట్‌కు 300 మీటర్లు. కొత్త గోదాముకు అక్కడి నుంచి ఇంకో 250 మీటర్లు లైను పోవాలి. పై హైడ్రెంట్ ఎత్తు 12 మీటర్లు. కొత్త లైను నాలుగంగుళాల పైపుతో చాలని కాంట్రాక్టరు అంటున్నాడు.

లెక్కల గోవిందు
ఇప్పుడు లెక్క వేయవచ్చు. కేజీ ప్రెషర్ అంటే 10 మీటర్ల నీటి ఎత్తు అనుకుందాం.

చివరి హైడ్రెంట్ దగ్గర కనీసం 3.5 కేజీలు మిగలాలి, అంటే 35 మీటర్లు. ఎత్తుకు 12. ఆరంగుళాల పైపులో గంటకు 171 క్యూబిక్ మీటర్లు పోతే 100 మీటర్ల పొడవుకు రాపిడి వల్ల దాదాపు 5 మీటర్ల హెడ్ పోతుంది. 300 మీటర్లకు 15. వంపులు, వాల్వులకు ఇంకో 5. మొత్తం 67. అంటే పాత షెడ్డు వరకైతే 70 మీటర్లు బొటాబొటిగా సరిపోతాయి.

కొత్తగా 250 మీటర్లు కలిస్తే, అదీ ఆరంగుళాలే అయితే, ఇంకో పన్నెండున్నర. దాదాపు 80 అయింది. పైపు లోపల తుప్పు, గేజి తేడాల కోసం కొంత ఉంచుకుంటే 88 దగ్గరికి వస్తాం. మీ యజమాని గారి ప్రశ్నకు ఇదే జవాబు. నీళ్లు ఒక్కటే, దారి పొడుగైంది.

నాలుగంగుళాల పైపు మాట మళ్లీ ఎత్తనివ్వకండి. అదే నీళ్లు అందులో పోతే 100 మీటర్లకు 35 మీటర్లు పోతాయి. పైపులో మిగిల్చిన డబ్బు పంపు మింగేస్తుంది.

గేటు పక్క
అయితే ఏకంగా 110 మీటర్ల పంపు కొంటే గొడవే ఉండదు కదా. ఎక్కువైతే తప్పేముంది?

పాత ఫిట్టర్
తప్పు గొట్టం పట్టుకున్నవాడికి తెలుస్తుంది. వాల్వులన్నీ మూసి ఉన్నప్పుడు పంపు ఇచ్చే ప్రెషర్ రాసిన హెడ్‌కు 140 శాతం వరకు ఉండవచ్చని అమెరికా ప్రమాణం. 110కి 140 శాతమంటే 154 మీటర్లు, 15 కేజీల పైచిలుకు. మీ పాత పైపుల జాయింట్లు, గాస్కెట్లు ఆ దెబ్బకు ఆగుతాయా? పంపుకు దగ్గరి హైడ్రెంట్ ఎవరైనా విప్పితే గొట్టం మనిషిని ఈడ్చుకుపోతుంది. నేను చూశాను. ఇద్దరు మనుషులు, ఇద్దరూ బలిష్ఠులే, నాజిల్ చేతిలోంచి జారి పాములా కొట్టుకుని ఒకరి మోకాలు పగిలింది. 88 మీటర్లకు కూడా మూసినప్పుడు 123 మీటర్ల వరకు రావచ్చు. దగ్గరి హైడ్రెంట్ల దగ్గర ప్రెషర్ తగ్గించే ఏర్పాటు చూసుకోవాలి.

సర్వే శారద
బీమా తరఫున కర్మాగారాలు చూసే పనిలో ఉన్నాను. గోవిందు గారి లెక్క బాగుంది. కానీ ప్రశ్న అంతకంటే ముందే తప్పింది అనిపిస్తోంది. 171 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

అట్టపెట్టె గారూ, గోదాములో రీళ్లు నిలబెట్టి పేరుస్తారా, పడుకోబెట్టి పేరుస్తారా? ఎంత ఎత్తు?

అట్టపెట్టె
నిలబెట్టి, మేడమ్. ఫోర్కు లిఫ్టుతో ఒకదానిపై ఒకటి, నాలుగు రీళ్లు. ఐదు మీటర్ల పైన వస్తుంది. 171 కాంట్రాక్టరే రాశాడు. పాతది 137 కనుక దాని పై సైజు అన్నాడు.

సర్వే శారద
భయపడింది అదే. 96, 137, 171, 273, 410 అనేవి మన దగ్గర హైడ్రెంట్ పంపులకు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న సైజులు. చొక్కా సైజుల్లా ఒకటి పైకి జరగడం కాదు. లోపల ఏముంది, ఎంత ఎత్తు పేర్చారు అన్నదాన్ని బట్టి సైజు తేలుతుంది.

నిలబెట్టిన రీలు మంట అంటుకుంటే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఊడిన పొర కొత్త ఇంధనం. రీళ్ల మధ్య నిలువు సందు పొగగొట్టంలా పనిచేసి మంటను పైకి లాగుతుంది. ఐదు మీటర్ల పేర్పు దగ్గరికి గొట్టం పట్టుకుని మనిషి పోలేడు, పోకూడదు కూడా. అక్కడ స్ప్రింక్లర్లు లేకుండా బీమావాళ్లు ఒప్పుకోవడం కష్టం.

స్ప్రింక్లర్ల నీటి లెక్క వేరు. ఉదాహరణకు చదరపు మీటరుకు నిమిషానికి 10 లీటర్ల చొప్పున 260 చదరపు మీటర్ల మీద ఒకేసారి కురవాలంటే నిమిషానికి 2600 లీటర్లు, గంటకు 156 క్యూబిక్ మీటర్లు. పేర్పు ఎత్తు పెరిగితే ఆ 10 కూడా పెరుగుతుంది. దాని మీద గొట్టాలవాళ్లకు నీళ్లు కావాలి. మీ 171 ఇక్కడే చాలదు. 273 గురించి మాట్లాడుకోవాలి.

ఇక సంపు. 200 క్యూబిక్ మీటర్ల సంపు మీద 273 పంపు పెడితే 44 నిమిషాల్లో ఖాళీ. 171 పెట్టినా 70 నిమిషాలే. రెండు గంటలు నడవాలనుకుంటే 273కు 546 క్యూబిక్ మీటర్లు కావాలి. పంపు మార్చమన్నవాళ్లు నీళ్లు ఎక్కడివని అడగలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

అట్టపెట్టె
మేడమ్, మీ పోస్టు యజమానికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత 'ఈ ఫోరంలో అడగమని నీకు ఎవరు చెప్పారు' అన్నారు. కానీ కోపంగా కాదు. 2025 జూన్ 30న ఇక్కడి సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు తరువాత ఈ వైపు యజమానులు ఎవరూ ఈ విషయాలను తేలిగ్గా కొట్టేయడం లేదు.

సర్వే శారద
ఆ మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. పేలుడుకు ఏ పంపూ అడ్డుపడదు. దుమ్ము, ఆవిరి పేరుకోకుండా చూడడం వేరే పని. మీకు కూడా వర్తిస్తుంది: అట్టలు అతికించే గంజికి వాడే స్టార్చి పొడి గాలిలో మేఘంలా లేచి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. గంజి కలిపే గది దూలాల మీద ఎంత పొడి పేరుకుందో ఒకసారి వేలితో గీసి చూడండి.

లెక్కల గోవిందు
273 అయితే పైపు లెక్క మారిపోతుంది. ఆరంగుళాల్లో 100 మీటర్లకు 12 మీటర్లు పోతాయి. ఎనిమిది అంగుళాలైతే 3 మీటర్లే. కొత్త లైను ఎనిమిది అంగుళాలు వేసి, దాన్ని పాత లైనుతో కలిపి రింగు చేయండి. రింగులో నీళ్లు రెండు వైపుల నుంచి వస్తాయి. సగం నీళ్లు ఒక దారిన, సగం ఇంకో దారిన పోతే ఒక్కో దారిలో పోయే హెడ్ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అలా చేస్తే 88 మీటర్లతోనే గట్టెక్కవచ్చు. పూర్తి లెక్క మాత్రం డిజైను చేసేవాళ్లతో వేయించుకోవాలి, ఫోరంలో వేసేది కాదు.

ఇప్పుడు సక్షన్ సంగతి. రెండో కొటేషన్ గురించి మాట్లాడుతున్నాను, మంచి పంపే. కానీ నేలమట్టంలో కూర్చుని 4 మీటర్ల కింది నీళ్లు పీల్చాలి. పంపు నీటిని లాగదు, గాలి బరువు నీటిని పంపులోకి తోస్తుంది. సముద్ర మట్టంలో ఆ తోపు 10.3 మీటర్లు. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక మనకు 9.7 మీటర్లే. మే నెలలో సంపు నీళ్లు 40 డిగ్రీలకు చేరితే ఆవిరి ఒత్తిడికి 0.75 తీసేయాలి. లోతుకు 4 తీసేయాలి. సక్షన్ పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు, జాలీ, పైపులకు మామూలు ప్రవాహంలో 1 మీటరు పోతుందనుకుంటే, ఒకటిన్నర రెట్ల ప్రవాహంలో రెండుంపావు పోతుంది. మిగిలింది 2.7 మీటర్లు. ఆ ప్రవాహంలో ఈ సైజు పంపుకు కావలసింది అంతకంటే ఎక్కువే ఉంటుంది చాలాసార్లు. కంపెనీ ఇచ్చే గ్రాఫులో ఎన్‌పీఎస్‌హెచ్ అనే గీత చూడండి, పంపుకు కావలసిన తోపు అదే.

నిమ్మకాయ సోడా
గోవిందు గారూ, ఒకటిన్నర రెట్ల ప్రవాహం ఎందుకు చూడాలి? 171 కొన్నవాడు 171 వాడుకుంటాడు. ఈ ఏడాదే డిగ్రీ పూర్తిచేశాను, తెలియకే అడుగుతున్నాను.

లెక్కల గోవిందు
మంచి ప్రశ్న. మంట దగ్గర మీ లెక్కను ఎవరూ గౌరవించరు. కంగారులో ఐదారు హైడ్రెంట్లు ఒకేసారి విప్పుతారు. అందుకే ఫైర్ పంపుకు మూడు చోట్ల పరీక్ష ఉంటుంది: నీళ్లు పోనప్పుడు ప్రెషర్ 140 శాతం దాటకూడదు, రాసిన ప్రవాహంలో రాసిన హెడ్ ఇవ్వాలి, 150 శాతం ప్రవాహంలోనూ కనీసం 65 శాతం హెడ్ నిలవాలి. మామూలు నీళ్ల పంపుకూ ఫైర్ పంపుకూ ఉన్న తేడా ఎర్రరంగు ఒక్కటే కాదు, ఈ మూడో పరీక్ష.

మోటారు కూడా ఆ మూడో చోట కాలకుండా నడవాలి. మొదటి కొటేషన్‌లో 45 కిలోవాట్లు అన్నారు కదా. 171ని 70తో గుణించి, కిలోవాట్లలోకి మార్చే 367తో, 70 శాతం సామర్థ్యంతో భాగిస్తే 46.6 వస్తుంది. 150 శాతం దగ్గర సామర్థ్యం ఇంకా పడిపోతుంది కనుక దాదాపు 49. అంటే ఆ మోటారు మొదటి రోజు నుంచే చాలదు. కాంట్రాక్టరు సామర్థ్యం 74 శాతం వేసుకుని 44 తెచ్చాడు కాబోలు.

పాత ఫిట్టర్
సక్షన్ గురించి నాది ఒక అనుభవం. కర్మాగారం పేరు అక్కర్లేదు, బాలానగర్‌లో. పదేళ్ల పైమాట. సంపు కింద, పంపు పైన, మీలాగే. రాత్రి షిఫ్టులో చెత్త కుప్ప అంటుకుంది. పంపు మీట నొక్కారు. మోటారు గుర్రుమంటూ తిరుగుతోంది, గేజి ముల్లు మాత్రం సున్నా మీద నిద్రపోతోంది. నన్ను పిలిచేసరికి అరగంట అయింది. పంపు ఒంటి మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి. షాఫ్టు బయటికి వచ్చే చోట ప్యాకింగు బిగించే గ్లాండు దగ్గర నుంచి పొగ వస్తోంది. మంటను పక్క కర్మాగారం గొట్టాలతో ఆర్పారు, అది వాళ్ల అదృష్టం.

మర్నాడు ఫుట్‌వాల్వు పైకి లాగాం. రెక్కకూ సీటుకూ మధ్య ఒక గుట్కా ప్యాకెట్టు. ఖాళీది. రెక్క పూర్తిగా మూసుకోక పైపులో నీళ్లన్నీ సంపులోకి జారిపోయాయి. పంపును ఎప్పుడూ నీళ్లతో నింపి ఉంచే ప్రైమింగ్ ట్యాంకు ఉంది, దాని బాల్‌వాల్వు మూడు నెలలుగా పాడైందట. పంపు ఎంత గొప్ప కంపెనీదైనా గాలిని తిప్పుతూ కూర్చుంటుంది.

ఎన్‌ఎఫ్‌పీఏ 20 అనే అమెరికా ప్రమాణం ఇలా కింది నుంచి పీల్చే అమరికకు అడ్డంగా ఉండే పంపులను ససేమిరా ఒప్పుకోదు. నీళ్లు కింద ఉంటే వర్టికల్ టర్బైనే వాడమంటుంది. మన దగ్గర ప్రైమింగ్ ఏర్పాటు ఉంటే ఒప్పుకుంటూ వచ్చారు. ఆ గుట్కా ప్యాకెట్టు చూసినప్పటి నుంచి నేను అమెరికావాళ్ల పక్షం.

గేటు పక్క
వర్టికల్ టర్బైన్ పెట్టినవాళ్ల కష్టాలు కూడా చెప్పండి. మా పక్కవాళ్లు పెట్టారు. మరమ్మతుకు షాఫ్టు పైకి తీయాలంటే పైకప్పు అడ్డం. రేకులు విప్పి క్రేను తెచ్చారు.

పాత ఫిట్టర్
ఈసారి మీరు అన్నది నిజమే. టర్బైన్ పెట్టే గదికి పైన తలుపు ఉండాలి, లేదా పైకప్పు ఎత్తు ఉండాలి. బేరింగులు నీళ్లలో ఉంటాయి, కంటికి కనబడవు. ఇంజను అయితే గేరు పెట్టె ఒకటి అదనం.

బొల్లారం సత్తెన్న
ఇంకో దారి ఉంది, గుంట తవ్వి పంపు గదిని సంపు అడుగు మట్టానికి దించడం. మేం అదే చేశాం. నీళ్లు వాటంతట అవే పంపులోకి వస్తాయి, పీల్చే బాధ లేదు. 2020 అక్టోబరు వానలకు ఆ గుంట నిండింది. మోటార్లు, ప్యానెల్ అన్నీ మునిగాయి. రెండు వారాలు కర్మాగారానికి ఫైర్ పంపు లేదు, చుట్టూ మాత్రం కావలసినన్ని నీళ్లు.

కరెంటు రాములు
ఆలస్యంగా వచ్చాను. మీరంతా నీళ్ల మనుషులు, కరెంటు మాట ఒక్కరూ ఎత్తలేదు.

మంట కనబడగానే ఎవరైనా చేసే మొదటి పని ఏమిటి? పరుగెత్తి మెయిన్ స్విచ్చు దించడం. ఫైర్ పంపు ఆ మెయిన్ తరువాత ఉంటే దాని పని అక్కడితో సరి. అందుకే పంపుకు కరెంటు మెయిన్ కంటే ముందు నుంచి విడిగా తీయాలి. ఆ స్విచ్చు మీద 'ఇది ఫైర్ పంపుది, దించవద్దు' అని తెలుగులోనూ హిందీలోనూ రాయించండి. మా దగ్గర కార్మికుల్లో సగం మంది ఒడిశా, బిహార్ వాళ్లు. కేబులు షెడ్డు లోపలి నుంచి పోకూడదు, మంటలో కాలిపోతుంది.

రెండోది ప్యానెల్. మామూలు మోటారుకు ఓవర్‌లోడు రిలే పెడతాం, వేడెక్కితే ఆపేస్తుంది. ఫైర్ పంపుకు అది శత్రువు. వెయ్యి రూపాయల రిలే మోటారును కాపాడుతుంది, కోటి రూపాయల గోదామును కాలనిస్తుంది. ఫైర్ పంపు మోటారు కాలిపోయేదాకా తిరగాలి, అదే దాని ధర్మం. షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉంటే చాలు. పది ప్యానెళ్లు విప్పితే ఆరింట్లో ఆ రిలే నాకు ఎదురవుతుంది. కాంట్రాక్టరును అడిగితే 'అది ఉంటేనే భద్రం కదా సార్' అంటాడు.

నిమ్మకాయ సోడా
డీజిల్ ఇంజను ఎందుకు మరి? కర్మాగారంలో జనరేటర్ ఉంటుంది కదా.

కరెంటు రాములు
జనరేటర్ నుంచి పంపు దాకా స్విచ్చులు, కేబుళ్లు, ప్యానెల్ అన్నీ మళ్లీ కరెంటు సామానే. ఇంజను అయితే తనకు తాను బతుకుతుంది. అన్నట్టు, ఇంజను గురించి ఒకటి. రాసిన గుర్రపు శక్తి చల్లటి చోట, సముద్రం పక్కన ఇచ్చేది. ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలో 91 మీటర్ల పైన ప్రతి 300 మీటర్ల ఎత్తుకు 3 శాతం, 25 డిగ్రీల పైన ప్రతి 5.6 డిగ్రీలకు 1 శాతం తగ్గించాలి. మన ఎత్తుకు నాలుగున్నర, 45 డిగ్రీల ఎండలో పంపు గదికి మూడున్నర. ఎనిమిది శాతం పోయినట్టే. 273, 88 పంపుకు 150 శాతం దగ్గర 94 కిలోవాట్లు కావాలంటే ఇంజను 102 దాటాలి. బ్యాటరీలు రెండు జతలు ఉండాలి. ఒకటే జత పెట్టి రెండో దాని చోట ఖాళీ పెట్టె వదిలేసినవాళ్లను కూడా చూశాను.

సర్వే శారద
ముద్రల గురించి నాదొక మాట. కొటేషన్‌లో 'యూఎల్ పంపు' (యూఎల్ అంటే ఒక అమెరికా పరీక్షా సంస్థ ముద్ర) అని ఉంటే ఏది యూఎల్ అని అడగండి. పంపుకు వేరు, ఇంజనుకు వేరు, కంట్రోలరుకు వేరు. పంపు ఒంటికి ముద్ర ఉండి, దాన్ని నడిపే ప్యానెల్ ఊళ్లో తయారైనది కావచ్చు. 'టీఏసీ ఆమోదం' (బీమా టారిఫ్ అడ్వైజరీ కమిటీది) అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. అగ్ని బీమా టారిఫ్ 2007 జనవరిలో పోయింది. ఆ నిబంధనల పుస్తకం ఇంకా అందరికీ ఆధారమే, కానీ ఇవాళ ఆ పేరుతో కొత్త పంపుకు ఆమోదం ఎవరు ఇచ్చారని అడిగితే జవాబు రాదు. దానికంటే కంపెనీ టెస్టు బెడ్డు దగ్గరికి మీ మనిషిని పంపి మూడు చోట్లా నీళ్లు కొలిపించుకోండి. పంపుల అమరికకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 15301 ఉంది, ఒప్పందంలో దాని పేరు రాయించండి.

లెక్కల గోవిందు
టెస్టు అన్నారు కనుక: కర్మాగారంలో కూడా టెస్టు లైను వేయించుకోవాలి, ప్రవాహ మీటరుతో, నీళ్లు తిరిగి ట్యాంకులో పడేలా. కొటేషన్‌లో ధర తగ్గించమంటే కాంట్రాక్టరు మొదట కత్తిరించేది ఇదే. అది లేకపోతే 171 అన్నది జన్మలో ఎవరూ కొలవరు.

అట్టపెట్టె గారూ, రాత్రి ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ 200 సంపు చాలదు, కొత్త ట్యాంకు తప్పదు. దాన్ని మళ్లీ భూమిలోనే ఎందుకు తవ్వాలి? నేల మీద కట్టండి, పంపు గది పక్కనే. నీళ్లు పంపు కంటే ఎత్తున ఉంటాయి. ఫుట్‌వాల్వు లేదు, ప్రైమింగ్ లేదు, టర్బైన్ అక్కర్లేదు. రెండో కొటేషన్‌లోని స్ప్లిట్ కేసు రకమే, సైజు మార్చి పెట్టుకోవచ్చు. పంపు ధరలో మిగిలింది ట్యాంకుకు పోతుంది. 12 మీటర్ల వ్యాసం, 5 మీటర్ల నీటి ఎత్తు ఉంటే 565 క్యూబిక్ మీటర్లు.

పాత ఫిట్టర్
ఇదీ మాట. ఇన్ని పోస్టుల్లో మనందరం సంపు దేవుడిచ్చినట్టు, కదలనట్టు మాట్లాడుతున్నాం.

అలా చేస్తే సక్షన్ పైపు వేసేటప్పుడు మీరు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి తమ్ముడూ. రెండు చోట్ల తప్పు చేస్తారు. పెద్ద పైపు నుంచి పంపు మూతికి తగ్గించే రెడ్యూసరు ఒంటివైపు వాలుది వాడాలి, చదును వైపు పైకి ఉండాలి. తిరగేసి పెడితే పైన గాలి బుడగ చేరి కూర్చుంటుంది. వెల్డరుకు రెండూ ఒకటే, చూడడానికి కిందికి చదునుగా ఉంటేనే అందంగా ఉందంటాడు. రెండోది, స్ప్లిట్ కేసు పంపు మూతి ముందు అడ్డంగా తిరిగే ఎల్బో పెట్టకూడదు, నీళ్లు ఇంపెల్లరుకు ఒకవైపే ఎక్కువ కొట్టి బేరింగు తింటాయి. పైపు వ్యాసానికి పది రెట్లు తిన్నగా వచ్చాకే పంపులోకి పోవాలి. ఎనిమిది అంగుళాల పైపుకు దాదాపు రెండు మీటర్లు. గది కట్టకముందే ఈ రెండు మీటర్లకు చోటు చూసుకోవాలి, కట్టాక గోడ జరపలేరు.

గేటు పక్క
మా పంపు గదికి వెళ్లి చూశాను. చదును వైపు కిందికి ఉంది. ఇరవై ఏళ్లు.

పాత ఫిట్టర్
ఆదివారం వస్తాను. టీ మీది.

అట్టపెట్టె
మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ట్యాంకు నేల మీదే. స్కూటర్లు నిలిపే చోటు పోయింది, దానికి కార్మికులు నన్ను తిట్టుకుంటున్నారు. పంపు 273, 88 మీటర్లు, స్ప్లిట్ కేసు, ఒకటి కరెంటుది, ఒకటి డీజిల్‌ది. నిమిషానికి 180 లీటర్ల జాకీ. డిజైను లెక్క బయటి ఇంజనీరు వేసి ఇచ్చారు, గోవిందు గారి అంకెలకు మరీ దూరం లేదు. రీళ్ల పేర్పు నాలుగు నుంచి మూడుకు తగ్గించడానికి యజమాని ఒప్పుకున్నారు, స్ప్రింక్లర్ల నీళ్లు ఆ మేరకు తగ్గాయి. పాత సంపు కొత్త ట్యాంకును నింపడానికి ఉంటుంది.

కొత్తది వచ్చేదాకా పాత పంపే దిక్కు కనుక శనివారం దాన్ని నడిపించాను. చివరి హైడ్రెంట్ దగ్గర ప్రెషర్ ఒక కేజీ కూడా రాలేదు. పంపు పాడైందనుకున్నాం. లైను వెంట నడుస్తూ పోతే క్యాంటీను వెనక, కట్టెల కింద, ఒక వాల్వు కనబడింది. ముప్పావు వంతు మూసి ఉంది. ఎవరు మూశారో, ఎప్పుడో. తెరిచాం, నాలుగు కేజీలు దాటింది. గంజి గది దూలాల మీద కూడా వేలితో గీశాను మేడమ్. గీత పడింది. మర్నాడే కడిగించాం.

ఒక సందేహం మిగిలింది. పాత పంపు గ్లాండు నుంచి నీళ్లు కారుతున్నాయి. యజమాని స్వయంగా వచ్చి చూసి, 'ఇంత కారుతుంటే బాగున్నట్టా' అని స్పానర్ తెమ్మన్నారు. బిగించమంటారా?

పాత ఫిట్టర్
స్పానర్ దాచేయండి! గ్లాండు ప్యాకింగుకు ఆ కారే నీళ్లే నూనె. ధార కట్టకూడదు, చుక్కలు పడాలి. నిమిషానికి నలభై నుంచి అరవై చుక్కలైతే బంగారం. పూర్తిగా ఆపేస్తే ప్యాకింగు కాలి, షాఫ్టు స్లీవును కోసేస్తుంది. గడియారం పెట్టి లెక్కపెట్టండి.

అట్టపెట్టె
యజమానే లెక్కపెట్టారు సార్, వాచీ చూసుకుంటూ. యాభై రెండు.